వడగళ్లు పడిన రోజు

మెరిల్ పోయిన మూడో రోజు, అంత్యక్రియల ఆఫీసులోని యువకుడు అదే కాగితాన్ని నాలుగోసారి నా ముందుకు తోశాడు.

"పెళ్లి తేదీ రాయలేదు, మేడమ్."

"చెప్పాను కదా. మా పెళ్లి కాన్సస్‌లో అయింది. భార్యాభర్తలమని ఇద్దరూ ఒప్పుకుని, నలుగురిలో అలాగే బతికితే అక్కడ చాలు. పాస్టరూ లేడు, పత్రమూ లేదు."

"ఇది మిస్సోరీ."

"తెలుసు. పదహారేళ్లుగా ఇక్కడే పాఠాలు చెబుతున్నాను. ఇక్కడ అలా చేసుకోవడం కుదరదు. అక్కడ చేసుకుని వస్తే మాత్రం ఒప్పుకుంటారు. మీ లాయరే ఫోనులో చెప్పాడు."

"ఒప్పుకుంటాం. కానీ గడి ఖాళీగా ఉంటే పైవాళ్లు తిప్పి పంపిస్తారు. ఏదో ఒక తేదీ వేసేయండి."

ఏదో ఒకటి. పిల్లలు పరీక్షలో ఏదో ఒకటి రాసిన ప్రతిచోటా ఎర్ర గీత పెట్టినదాన్ని నేను.

ఆ గడి నిండకపోతే మెరిల్‌కి నేను ఎవరినీ కాను. అంత్యక్రియలకి సంతకం అరిజోనాలో ఉన్న అతని తమ్ముడిదవుతుంది. దహనం చేసి బూడిద పోస్టులో పంపేయమని అతను అప్పుడే చెప్పేశాడు. మెరిల్ మాత్రం కాన్సస్‌లోని గలీనాలో, తల్లి పక్కన, మట్టిలోనే ఉండాలనుకున్నాడు. ఇక్కడికి గలీనా పది నిమిషాలు. మధ్యలో కాన్సస్ సరిహద్దు బోర్డు ఒకటి.

గలీనాలో మా పాత పొరుగావిడ వెల్డాకి ఫోన్ చేశాను. ఎనభై రెండేళ్ల మనిషి, సాక్ష్యం చెప్పడానికి తనే కారు నడుపుకుంటూ వచ్చింది.

"ఏంటయ్యా, బోర్డు దాటగానే ఊడిపోవడానికి పెళ్లేమైనా చొక్కా గుండీయా?" అంది, కూర్చోకుండానే.

"తేదీ ఒక్కటి తెలిస్తే చాలు, మామ్మగారూ."

"లోయిస్, వడగళ్లు పడిన రోజు మర్చిపోయావుటే? మీ ఇంటి కప్పూ నా ఇంటి కప్పూ ఒకేసారి పోయాయి. ఇన్సూరెన్సు వాడొచ్చి, ఈవిడెవరు అని అడిగాడు. నిచ్చెన మీంచి మెరిల్ ఏమన్నాడు?"

"నా భార్య అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఔనండీ, కాఫీ తాగుతారా అన్నాను."

"మరింకేం? అంతవరకూ 'మేం స్నేహితులం, వెల్డా' అంటూ నా దగ్గర బడాయి పోయేదానివి. ఆ పూట నుంచి ఒక్కసారైనా ఆ మాటన్నావా?"

అనలేదు.

వెల్డా ఏ కాగితమూ పారేయదు. ఆ రోజు ఇన్సూరెన్సు వాడు ఆవిడ ఇంటి కప్పు చూసి రాసిచ్చిన చీటీ చేతిసంచిలోంచి తీసి బల్ల మీద పెట్టింది. దాని మీద తేదీ ఉంది.

ఏప్రిల్ 19, 1998 అని రాశాను. కింద గడిలో 'మృతుడికి ఏమవుతారు' అని ఉంది. ఇన్నేళ్లలో ఆ మాట నోటితో అనడమే గానీ ఎక్కడా రాయలేదు. 'భార్య' అని రాశాను. క్లాసులో నల్లబోర్డు మీద రాసినంత పెద్దగా వచ్చి, గడి దాటిపోయింది.

"ఇంకో కాగితం ఇవ్వనా, మేడమ్?"

"అక్కర్లేదు. ఇదే తీసుకోండి."