కోడలి మానవశాస్త్రం

పొద్దుటి షిఫ్టులో ఆఖరి దుప్పటి మడత పెట్టి, ఇస్త్రీపెట్టె స్విచ్చి ఆపి ఆమె చేతులు కడుక్కుంది. ఆవిరికి ఉబ్బిన వేళ్లు, మణికట్టు మీద పాత కాలిన మచ్చ, చెమటకు నుదుటికి అంటుకున్న నెరిసిన వెంట్రుకలు.

"కాలేజీకేనా వదినా?" అంది తోటి పనామె.

"ఎగ్గొడితే మా అత్తయ్య ఊరుకోదు."

లాండ్రీలో ఆమె వదిన, క్లాసులో పిల్లలందరికీ పిన్ని. డిగ్రీలో చేరమన్నది అత్తే. తన భర్త పోయాక ఇద్దరూ గోడలు చూస్తూ కూర్చున్న రోజుల్లో, "ఇలాగైతే ఇద్దరికీ పిచ్చెక్కుతుంది. పోయి ఏదైనా చదువుకో" అంది. మానవశాస్త్రమంటే మనుషుల గురించిన చదువని తెలిసి, "దానికి డిగ్రీ ఎందుకే, కిటికీ చాలదూ?" అని వెక్కిరించింది. అయినా రోజూ పాఠం చెప్పించుకోందే ముద్ద దిగేది కాదు.

ఆ రోజు లెక్చరరమ్మ ఒక పని అప్పగించింది. బాగా తెలిసిన మనిషినే కొత్తగా చూసి, ఆ మనిషి బతుకు అడిగి రాయాలి.

మధ్యాహ్నం కంచాల ముందు కూర్చోగానే అత్త మొదలుపెట్టింది.

"ఇవాళేం చెప్పారు?"

"కొన్నిచోట్ల అత్తా అల్లుడూ ఒకరి మొహం ఒకరు చూసుకోరట."

"కోడళ్లకి లేదా ఆ సదుపాయం?"

ఇద్దరూ పొలమారేదాకా నవ్వుకున్నారు. ఆ నవ్వులోనే కోడలు అడిగేసింది.

"చిన్నప్పుడు మీకు ఏదంటే ఇష్టం అత్తయ్యా?"

అత్త చెయ్యి కంచంలోనే ఆగింది. "ఇన్నేళ్లకా అడగడం?"

"ఎప్పుడూ తోచలేదు."

"ఎవరైనా అడుగుతారని నాకూ తోచలేదులే." ముద్ద కలుపుతూ చెప్పింది. "ఈత. ఏరు ఈదుకుంటూ పోయి అవతలి గట్టున కూర్చునేదాన్ని. ఇవతల మా అమ్మ నన్ను వెతుక్కుంటుంటే చూస్తుండేదాన్ని. ఎంత హాయిగా ఉండేదో."

గోడ పట్టుకుని స్నానాలగదికి వెళ్లే మనిషి. కోడలు ఆమెను తేరిపార చూసింది.

"మామయ్యగారికి తెలుసా?"

"చెబితే నవ్వుతాడని చెప్పలేదు."

"తర్వాత?"

"తర్వాతది కునుకు తీసి లేచాక. బోసినోటితో చెబితే మీ లెక్చరరమ్మకి అర్థం కాదు" అంటూ కట్టుడుపళ్లు తీసి నీళ్లలో వేసి, గోడవైపు తిరిగి పడుకుంది.

కోడలు గిన్నెలు తోముకుని, వంటింటి గుమ్మంలో కూర్చుని రాసుకుంది. మనసు తేలిగ్గా ఉంది. ఇంట్లోకి కొత్త చుట్టమెవరో వచ్చినట్టుంది.

ఎండ వాలాక టీ తీసుకెళ్లి పిలిచింది. అత్త పలకలేదు. చెంప కింద పెట్టుకున్న చెయ్యి చల్లగా ఉంది. కోడలు టీ కింద పెట్టి, మంచం పక్కనే కూర్చుని, ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. ఎవరినీ పిలవాలనిపించలేదు, అప్పుడే.

కిటికీ గట్టు మీద గాజుగ్లాసు, నీళ్లలో పళ్ల సెట్టు, దాని మీద పలచటి ఎండ.