మద్హా దారిలో మూర్తి పాలసీ

మూర్తి పిల్లికి కూడా బిచ్చం పెట్టని మనిషి. కారు ఇన్సూరెన్సు కట్టేటప్పుడు ఏజెంటు "ఒమన్‌లోనూ చెల్లేలా కవర్ రాయమంటారా సార్?" అని అడిగితే, "మేం మస్కట్ వెళ్లేదెప్పుడయ్యా!" అని కొట్టిపారేశాడు. యూఏఈలోని ఫుజైరాకూ ఖోర్ ఫక్కాన్‌కూ మధ్యనున్న మద్హా అనే చిన్న ఊరు కూడా ఒమన్‌దేనని ఆయనకు తెలియక కాదు. గేటు లేదు, చెక్‌పోస్టు లేదు. అరగంటలో వెళ్లొచ్చే చోటు పరదేశమని ఎవరికి గుర్తుంటుంది?

శుక్రవారం వాన వెలిశాక, అక్కడి కొండవాగులో నీళ్లు చూద్దామని భార్య కృష్ణవేణితో బయల్దేరాడు. మద్హాలోకి వచ్చిన కాసేపటికే మలుపులో రోడ్డంతా వాగు తెచ్చిన బురద. బ్రేకు తొక్కినా కారు మాట వినలేదు. సైకిల్ మీద ఎదురొస్తున్న మనిషిని గుద్ది ఆగింది.

పడిపోయినవాడు, కారు దిగి పరుగెత్తుకొచ్చిన ఇద్దరి తెలుగు విని "అమ్మా" అన్నాడు. పేరు గులాం మొహిద్దీన్, ఊరు కడప, ఖర్జూర తోటలో పని. కృష్ణవేణి ఖోర్ ఫక్కాన్‌లో నర్సు. అతని పాదం గిల్లి, "తెలుస్తోందా?" అంది.

"లేదమ్మా."

వెన్నెముక దెబ్బతిందని ఆమెకు అర్థమైంది.

మూర్తికి అప్పుడు గుర్తొచ్చింది. "వేణీ, ఇక్కడ మన పాలసీ చెల్లదే! ఇతనికి పైసా రాదు. అర కిలోమీటరు వెనక్కెళితే మన వైపే. కారులో పడుకోబెట్టి తీసుకెళ్లి, అక్కడే గుద్దానని చెబుదాం."

"కదిపితే ఇతను జన్మలో లేచి నడవడండీ!"

"కదపకపోతే ఇతని సంసారం లేస్తుందా?"

మొహిద్దీన్ అంతా విన్నాడు. "ఎత్తండి సార్. ముగ్గురు ఆడపిల్లోల్లు ఉండారు. కాళ్లు పోతే పోనీ, దుడ్లన్నా వస్తాయి. అక్కడే గుద్దినారని నేనూ చెప్తా."

మూర్తి వంగి అతని భుజాల కింద చేతులు పెట్టబోయాడు. కృష్ణవేణి బురదలో మోకాళ్ల మీద కూలబడి, మొహిద్దీన్ తలను రెండు చేతులతో కదలకుండా పట్టుకుంది.

"ముట్టుకున్నారంటే ఊరుకోను! మద్హా పోలీసులకు ఫోన్ చేయండి. ఇక్కడే గుద్దానని చెప్పండి."

పదకొండేళ్ల కాపురంలో ఆమె భర్త మీద అలా అరిచింది లేదు. అరిచాక భయం వేసింది. తప్పు చేస్తున్నానేమో, ఈ మనిషి పిల్లల నోటి దగ్గర కూడు లాగేస్తున్నానేమో అనిపించింది. అయినా చేతులు తీయలేదు.

మూర్తి మద్హా పోలీసుల నంబర్ నొక్కాడు. మొహిద్దీన్ కన్నీళ్లు చెవుల్లోకి కారుతున్నాయి. తుడుద్దామంటే ఆమెకు చెయ్యి ఖాళీ లేదు.

"నా నడుము కాపాడినావు తల్లీ," అన్నాడతను. "రేపట్నించి నా పిల్లోల్లకి కూడు ఎవురు పెడతారు?"

"మేం పెడతాం," అంది కృష్ణవేణి.

ఆ మాట మూర్తికి వినబడిందని ఆమెకు తెలుసు. ఆయన ఫోన్ చెవికి ఆనించుకుని నిలబడే ఉన్నాడు. ఇటు మాత్రం తిరగలేదు.