కొక్కేనికి కట్టిన దారం

కుట్లు రెండే పడ్డాయి, పెదవి కదపొద్దన్నాడు డాక్టరు, నన్ను నోరు మూసుకోమనడానికి ఈ ఊళ్ళో ఒక్కొక్కరికి ఒక్కో కారణం దొరుకుతోంది, డాక్టరుకి కుట్లు, మా ఫ్లయింగ్ క్లబ్బు సెక్రటరీ శివశంకర్‌కి పరువు, అదిగో ఆస్పత్రి వరండాలో అటూ ఇటూ తిరుగుతున్నాడు, ఆగి నా వైపు చూసి, చూడు రోహిణీ, రేపు విచారణకొచ్చేవాళ్ళతో గాలి అంచనా తప్పిందని చెప్పు, ఒక్క మాట, కొన్నాళ్ళు ఎగరకుండా కూర్చుంటావు, తర్వాత మేం చూసుకుంటాం అంటాడు, కొన్నాళ్ళంటే ఎన్నాళ్ళో నాకు తెలీదా, తప్పు ఒప్పుకుని నేలమీద కూర్చున్న పైలట్‌ని మళ్ళీ పిలిచి సీటిచ్చినవాళ్ళని ఇంతవరకూ చూడలేదు, అయినా గాలి నా అంచనా ప్రకారమే ఉంది, ఖర్కాయి నది వైపు నుంచి నిదానంగా, ముఖానికి ఎదురుగా, తప్పు గాలిది కాదు, నా కళ్ళదీ కాదు.

ముసల్ది మాత్రం ముక్కు నేలకి గుచ్చుకుని గడ్డిలో పడుంది, ఎడమ చక్రం విరిగింది, ప్రొపెల్లర్ రెండు ముక్కలైంది, ముసల్దంటే మా విమానం, అమ్మ కంటే వయసులో పెద్దది, రెక్కలకి ఇప్పటికీ గుడ్డే, ఇంజన్ లేని గ్లైడర్లని తాడు కట్టి పైకి లాక్కెళ్ళి వదలడం దాని పని, నా పని, ఈ పొద్దున క్లబ్బులో నేర్చుకునే అర్పిత గ్లైడర్‌ని అలాగే లాక్కెళ్ళాను, పైన ఆ పిల్ల తన వైపు తాడు విప్పుకుని హాయిగా తేలిపోయింది, తాడు నా తోకకి వేలాడుతూ మిగిలింది, రోజూ అయితే మైదానం మీద కిందుగా వచ్చి పసుపు పిడి లాగుతాను, తోక దగ్గర కొక్కెం తెరుచుకుంటుంది, తాడు గడ్డిలో పడుతుంది, ఆ తర్వాతే దిగడం, లాగాను, కొక్కెం తెరుచుకోలేదు, రెండు చేతులూ వేసి లాగాను, కింద మెకానిక్ పోలరాజు మావయ్య తాడు పడలేదని చేతులు ఊపుతున్నాడు, పెట్రోలు ముల్లు అడుగున ఉంది, ఇంకో చుట్టు తిరిగే వీల్లేదు, అందుకే తాడు మైదానం గోడకి తగలకుండా బాగా ఎత్తులో వచ్చాను, గోడ నేను దాటాను, తాడు దాటలేదు, గోడమీది ముళ్ళకంచె దాన్ని పట్టుకుని వెనక్కి గుంజింది, దాన్ని గాలి అంచనా తప్పడం అంటారా, అననీ చూస్తాను.

అమ్మ పక్కనే బెంచీ మీద కూర్చుని కొంగుతో నా మోచేతి మట్టి తుడుస్తోంది, బాగ్‌బేరా కాలనీలో ఇంటి నుంచి ఆటోలో వచ్చేసింది, చెప్పులు కూడా వేసుకోలేదు, ఏటయ్యిందే అమ్మీ అని ఇందాకటి నుంచీ అడుగుతోంది, నేను చెప్పడం లేదు, ఎలా చెప్పను, నిన్న విశ్వకర్మ పూజ, ఊళ్ళో ప్రతి మెషిన్‌కీ దండే, ఇంటివాళ్ళని హ్యాంగర్‌లోకి రానిచ్చే రోజు అదొక్కటే, ముసల్దాన్ని తాడు తగిలించి మరీ అలంకరించారు, అమ్మ పట్టుచీర కట్టుకుని వచ్చి చుట్టూ తిరిగి చూసి, ఇందల ఏది పాడవకూడదే అని అడిగింది, నేను తోక దగ్గరికి తీసుకెళ్ళి కొక్కెం చూపించాను, అమ్మకి కొక్కేలు తెలుసు, నాన్న రిటైరయ్యేదాకా టాటానగర్ యార్డులో బోగీలు తగిలించి విప్పినవాడు, మీ అయ్య పనీ దీంతోనే గదే అని మురిసిపోయి, పూజ పళ్ళెంలో ఎర్రదారం అందుకుని కొక్కేనికీ తాడు రింగుకీ కలిపి చుట్టుమీద చుట్టు వేసి, నా బిడ్డని సల్లగా సూడు తల్లీ అంటూ ముడి బిగించింది.

ఈ పొద్దున ఆ దారాన్ని అందరం చూశాం, ఎగిరే ముందు పిడి లాగి కొక్కెం తెరుచుకుంటోందో లేదో చూడాలి, పోలరాజు మావయ్య చెయ్యి పెట్టి మళ్ళీ వెనక్కి తీసుకున్నాడు, లాగితే పూజదారం తెగిపోద్దేమో, మంచిది కాదమ్మా అన్నాడు, నేనూ సరే అన్నాను, ఛోడో, ఛోడో, వదిలెయ్యండి, శుభమే జరుగుతుంది, ఎగరండి అన్నది ఈ శివశంకరే, తెగుతుందని ముగ్గురం భయపడ్డ దారం, గాల్లో నేను ఎంత లాగినా తెగలేదు.

ఇప్పుడొచ్చి నా పక్కన వంగి గొంతు తగ్గించి హిందీలో మొదలుపెట్టాడు, దారం మాట ఎత్తకు, మీ అమ్మ పేరు బయటికొస్తుంది, తల్లి కట్టిన దారంతో విమానం కూలిందంటారు, కాలనీలో ఆవిడ తలెత్తుకోగలదా అని, అమ్మకి హిందీ రాదనుకున్నాడు కాబోలు, ముప్ఫై ఏళ్ళుగా జుగ్సలాయ్ బజారులో హిందీలోనే బేరమాడి కూరలు కొనే మనిషి, నా మోచేతి మీద ఆమె చెయ్యి ఆగిపోయింది, ఏడుస్తుందనుకున్నాను, ఇంక ఆ బండి ఎక్కొద్దంటుందనుకున్నాను, లేచి నిలబడింది, నా పేరు నూకాలమ్మ బాబూ, రాసుకోమను, దారం నానే కట్టినాను, తెలీక కట్టినాను, తెలిసినోలు మీరు, మీరెందుకు ఊరుకున్నారు, అని నా వైపు తిరిగి, నువ్వేటే, కుట్లేసినారని నోరు కుట్టేసుకున్నావా అంది.

శివశంకర్ నేల చూపులు చూస్తున్నాడు, ఇందాకటి నుంచీ నేను చూసిందీ అదే నేల, సిగ్గేసింది, అమ్మని కాపాడుతున్నాననుకుంటూ ఇంతసేపూ అమ్మని దాస్తున్నాను, తప్పుచేసిన మనిషిని దాచినట్టు, దాచుకోవలసిన పని ఆమె ఏం చేసింది, రేపు అందరి ముందూ చెప్తాను, దారం మా అమ్మ కట్టింది, పిడి లాగి చూడనిది మేం ముగ్గురం, ముసల్ది బాగయ్యాక నా సీట్లో నేనే కూర్చుంటాను, పూజనాడు దారం నా చేతికి కట్టించుకుంటాను, కొక్కెం నేనే లాగి చూసుకుంటాను, రేపటిదాకా ఎందుకు, సార్, ఇటు చూడండి అంటున్నాను, పెదవి చురుక్కుమంది, కుట్లు తెగితే మళ్ళీ వేయించుకుంటాను.