డిక్కీలో రెండు వేసవులు

నేను ఒక సన్‌స్క్రీన్ ట్యూబును. ఎండను ఆపడం నా పని. నన్ను మాత్రం ఎండలోనే ఉడకబెట్టారు. రెండేళ్ళ గడువు వీపు మీద అచ్చు వేయించుకుని ఏలూరులో ఒక మందుల షాపుకు చేరాను. అందులో ఏడాది అరలోనే గడిచిపోయింది. చల్లని చోట ఉంచమని కూడా నా మీద రాసి ఉంది. అంత చిన్న అక్షరాలు ఎవరు చదువుతారు?

నన్ను కొన్నది హోంగార్డు కనకవల్లి. ఎండ తగిలితే చెంపలు ఎర్రగా పొక్కే జబ్బు ఆమెది. ఇంకోసారి పొక్కితే కూడలి డ్యూటీ మానాల్సిందేనని డాక్టరు చెప్పేశాడు. ఆమెకు ఆ కూడలంటే ప్రాణం. ఇంట్లో ఆమె మాట వినేవాళ్ళు లేరు గానీ, అక్కడ చెయ్యెత్తితే ఇసుక లారీలు కూడా ఆగేవి.

అంత అవసరమైన నన్ను ఆమె దాచుకుంది! కందిగింజంత తీసి ముఖమంతటికీ సర్దేది, మిగతా భారం ముఖానికి కట్టుకున్న చున్నీ మీద వేసేది. నన్ను స్కూటీ డిక్కీలో, అన్నం క్యారేజీ పక్కన పెట్టి, బండిని రోజంతా ఎండలో నిలిపేది. మొదటి వేసవికే నాలో నీళ్ళు వేరు, జిడ్డు వేరు అయ్యాయి. రెండో వేసవికి గడువూ దాటింది. ఆమె నన్ను బాగా పిసికి, కలిపి, మళ్ళీ రాసుకునేది. వద్దని చెప్పడానికి నాకు నోరు లేదు.

మే నెలలో మంత్రిగారి కాన్వాయ్ వచ్చింది.

"పెద్దలొస్తున్నారు, ముఖాలకు గుడ్డలు తీసెయ్యండి" అన్నాడు ఎస్సై.

తోటి గార్డు మరియమ్మ కంగారుపడింది. "నీకు ఎండ పడదు గదక్కా, ఆయనతో చెప్పరాదూ?"

"ఇవాళ మందు దట్టంగా రాసుకున్నాలే. ఏం కాదు" అంది కనకవల్లి.

ఆ ధీమా అంతా నా మీదే. నాలోనేమో పస లేదు. ఆమె చున్నీ తీసి ఎండలో నిలబడ్డ ఆ నాలుగు గంటలూ డిక్కీలో పడి సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాటికి చెంపలు పచ్చిపుండ్లయ్యాయి. డాక్టరు నన్ను వేలి మీదికి పిండి చూశాడు. "ఇది ఎప్పుడో పాడైపోయిందమ్మా. ఎక్కడ పెట్టావు?"

"డిక్కీలో సార్. జాగ్రత్తగానే పెట్టాను. ఇంకా సగం ఉంది చూడండి."

ఆయన ఇక కూడలి డ్యూటీ వద్దని చీటీ రాసిచ్చాడు.

ఇప్పుడామె స్టేషన్లో కూర్చుని ఫైళ్ళకు దారాలు కడుతోంది. బయట విజిల్ వినిపిస్తే చెయ్యి దానంతటదే లేస్తుంది, సగంలో దించుకుంటుంది. డాక్టరుకు చూపించాక నన్ను పడేసుకున్న హ్యాండ్‌బ్యాగులోంచి అది చూసి చూసి నేను అలిసిపోయాను.

నిన్న నన్ను చెత్తబుట్టలో పడేసింది. పడేసే ముందు మూత గట్టిగా బిగించింది.