కొవ్వెక్కిన కుట్టు మిషను

మా పిడుగు స్కర్టు నడుం దగ్గర వదులైంది. బడి పిల్లలందరికీ యూనిఫారాలు కుట్టేదాన్ని, కన్నకూతురి కొలత నా చేతికి తెలియదా? లోపలికి మడిచి కుట్టేశాను. కొద్దిరోజులకే మళ్ళీ జారింది. తొమ్మిదేళ్ళ పిల్ల ఎదుగుతుంది గానీ తరుగుతుందా?

కంచం ముందు కూర్చుని మెతుకులు లెక్కపెట్టేది. ఏమే అంటే "తిన్నాలే అమ్మా" అని లేచిపోయేది. బతిమాలాను, తిట్టాను, తొడపాశం పెడతానని బెదిరించాను. డాక్టరు చూసి జబ్బేమీ లేదన్నాడు. మరి నా పిల్ల ఎందుకిలా చిక్కిపోతోంది?

బడికి కొత్త డ్రిల్లు మేడమ్ వచ్చాకే ఇదంతా మొదలైందని నాకు ఒళ్ళు మండిపోయేది. నిజం చెప్పొద్దూ, ఆవిడ లాంటి మనిషిని ఆ బడిలో అంతకుముందు చూడలేదు. పాతాయన కుర్చీలో కూర్చుని ఈల ఊదేవాడు. ఈవిడ పిల్లలతో పాటు తానూ పరిగెత్తేది. మధ్యాహ్నం వాళ్ళ మధ్య నేల మీదే కూర్చుని డబ్బా విప్పి, ఏ కూర ఒంటికి ఏం చేస్తుందో చెబుతూ తినేది. మా పిడుగుకి ఆవిడ మాటంటే వేదవాక్కు.

నూనె ఎక్కువ తింటే ఒంట్లో కొవ్వు పేరుకుని గుండెకి చేటు అని విన్న రోజున, అది సరాసరి వంటింట్లోకి పోయి వాళ్ళ నానమ్మ చెయ్యి పట్టుకుంది.

"అంత నూనె పొయ్యకూడదు నానమ్మా!"

"నాకే వంట నేర్పుతావా? కొవ్వెక్కింది నీకు!" అంది మా అత్తగారు.

ఆవిడ నోట ఆ మాట కొత్తేం కాదు. మాటకి మాట చెప్పినవాళ్ళందరికీ ఆవిడ లెక్కలో కొవ్వెక్కినట్టే. పెళ్ళైన కొత్తలో నేనూ రోజూ తిన్న అక్షింతలే. అందుకే విని ఊరుకున్నాను.

ఒక శనివారం మధ్యాహ్నం నేను మిషను మీద ఉండగా ఆ మేడమే గుమ్మంలోకి వచ్చింది.

"మీ అమ్మాయి తన డబ్బా రోజూ పక్కపిల్లకి పెట్టేస్తోందండీ. నిన్న పరిగెత్తబోయి కళ్ళు తిరిగి కూర్చుండిపోయింది. ఇంట్లో ఏమైనా తింటోందా?"

నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. "అంతా మీరు చేసిందే! అది తినకు, ఇది తినకు అని పిల్లల బుర్రలు పాడుచేస్తున్నారు. నా బంగారుతల్లి పుల్లలా అయిపోయింది!" అని చెడామడా కడిగేశాను.

ఇంకొకరైతే విసురుగా వెళ్ళిపోయేవాళ్ళు. ఆవిడ గుడ్డల మూట పక్కకి జరిపి కూర్చుంది. "అయ్యుండొచ్చండీ. తననే అడుగుదాం" అంది.

పిడుగు వచ్చి తల వంచుకుని నిలబడింది. ఎందుకు తినడం లేదని ఆవిడ అడగలేదు. "ఇవాళ నువ్వు టీచరువి. నేను చెప్పిన పాఠం నాకు చెప్పు" అంది.

"కొవ్వు ఎక్కువైతే గుండె పాడవుతుంది" అంది పిడుగు. "నాకు కొవ్వెక్కింది. నానమ్మ చెప్పింది. తినకపోతే దిగిపోతుందని..." అంటూ ఏడ్చేసింది.

"ఓరి దేవుడో! నా నోరు పడిపోను!" అంటూ మా అత్తగారు వంటింటి గుమ్మంలోనే కూలబడింది. నాకు నవ్వొచ్చింది, వెనకే ఏడుపూ వచ్చింది.

మేడమ్ మాత్రం నవ్వలేదు. పిడుగు కళ్ళు తుడిచి, మా అత్తగారి వైపు తిరిగింది. "అమ్మా, ఈమధ్య ఇంకా ఎవరెవరికి కొవ్వెక్కింది?"

"ఎవరికంటే... పాలవాడికి. మూత ఊడిరాని డబ్బాకి. పొద్దున ఈ కుట్టు మిషనుకి. ఊరికే దారం తెంపుతోంది, ముదనష్టపుది!"

మేడమ్ నా మెడలోంచి టేపు తీసుకుని, మిషను నడుం చుట్టూ బిగించి, పిడుగుని పిలిచింది. "చూడు. ఏమైనా లావెక్కిందా?"

పిడుగు వంగి టేపు చూసింది. ఎన్నాళ్ళకో కిసుక్కున నవ్వింది.

"ఎవరైనా పొగరు చూపిస్తే అలా అంటారమ్మా. అది నీ ఒంటి గురించి కాదు. ఇంకో సంగతి. ఒంట్లో కాస్త కొవ్వు ఉండాలి. తిండి తింటేనే పరిగెత్తడానికి బలం వస్తుంది. ఆ సగం పాఠం నేను చెప్పలేదు. తప్పు నాదే."

పసిపిల్ల ముందు తప్పు నాదే అన్న టీచరుని నేను నా జన్మలో చూడలేదు. అంతేనా! సోమవారం మా అత్తగారిని బడికి పిలిపించి, పిల్లలందరికీ మిగతా సగం పాఠం చెప్పి, కొవ్వెక్కడమంటే ఏమిటో ఆవిడ చేతే చెప్పించింది. తాడాటలో ఆవిడ చేత గెంతులు కూడా వేయించింది. ఏం మనిషండీ!

ఆ సాయంత్రం అత్తగారు మోకాళ్ళు పట్టుకుని కూర్చుంది. "కంచం ఇక్కడికే తీసుకురా. మంచినీళ్ళు కూడా. ఆ దిండు ఇలా జరుపు" అని నాకు ఒకటే పురమాయింపులు.

పిడుగు నోటినిండా అన్నంతో తలెత్తింది. "నానమ్మా, నీకు కొవ్వెక్కింది!"

నేను గబుక్కున దాని నోరు మూయబోయాను. ఆవిడ మాత్రం కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది.

"ఎక్కిందే తల్లీ, ఎక్కింది! నీకూ ఎక్కాలి. తిను."

పిడుగు కంచం నా ముందుకి జరిపింది. "అమ్మా, ఇంకొంచెం పెట్టు."

మర్నాడు పొద్దున్నే స్కర్టు తీసి, నడుం దగ్గర నేను వేసిన కుట్లన్నీ విప్పేశాను.