నూకరాజు వదిలిన జాగా

నేను ఒక పాటల పెట్టెను. పిడి పట్టుకుని తిప్పితే మోగుతాను. లోపల ఒక తోలు తిత్తి, పదిహేడు గొట్టాలు, గుండ్రంగా తిరిగే ఒక చెక్క రోలర్, దాని నిండా సన్నటి ఇత్తడి మేకులు ఉంటాయి. ఏ మేకు వచ్చి తగిలితే ఆ మీట లేస్తుంది, ఆ గొట్టం పలుకుతుంది. ఇంతే నా విద్య. ప్రస్తుతం విశాఖపట్నంలో ఒక చిన్న మ్యూజియంలో, నాలాంటి మరవాద్యాల మధ్య ఉన్నాను. పక్కనున్న గడియారం ఎవరూ అడక్కపోయినా గంటగంటకీ పాడుతుంది. దాని వాలకం నాకు నచ్చదు. చూడవచ్చే జనం అంతకన్నా నచ్చరు. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడేవాణ్ణి అసలే నమ్మను. ఆ చేతుల్లో ఏం పట్టుకున్నాడో ఎవరు చూడొచ్చారు?

ఈ అనుమానం నాకు పుట్టుకతో రాలేదు. నన్ను తయారుచేసింది సముద్రాల అవతల ఎవరో వడ్రంగి. ఓడలో ఒక దొరతో వచ్చాను. ఆయన వెళ్తూ వెళ్తూ నన్ను మాత్రం ఇక్కడే వదిలేశాడు. నా పాత రోలర్‌ని చెదలు తినేశాయి. పాటలేని పాటల పెట్టెగా చాలాకాలం పడి ఉన్నాక, అనకాపల్లిలో బెల్లం వ్యాపారం చేసే దొరబాబు చేతికి చిక్కాను. ఆయనకో నాటకాల కంపెనీ ఉండేది. అందులో పద్యాలు పాడే నటుడికీ ఆయనకీ రోజూ పేచీయే. గొంతు బాగాలేదంటాడు, వేడిపాలు కావాలంటాడు, అలుగుతాడు. వాడి బదులు ఈ పెట్టె చేతే పద్యం పాడిస్తే పీడా పోతుందని దొరబాబుకు తోచింది. మనుషుల తెలివి చూశారా!

కొత్త రోలర్ పని ఏటికొప్పాకలో లక్కబొమ్మలు చేసే నూకరాజుకు అప్పజెప్పారు. ఒక డబ్బా నిండా ఇత్తడి మేకులు కూడా ఇచ్చారు. నూకరాజు అంకుడు కర్రను చక్రం మీద పట్టి నున్నగా తీశాడు, లక్క పట్టించాడు. నాటకాలంటే చెవి కోసుకునే మనిషి, పద్యం మొత్తం నోటికి వచ్చు. మూడు నెలలు కూర్చుని, ఒక్కో స్వరం పాడుకుంటూ ఒక్కో మేకు కొట్టాడు. పని అయ్యాక తిప్పి చూశాడు. అబ్బ, ఎంత బాగా పలికానో! కానీ పద్యం చివరికి వచ్చేసరికి నా లోపల ఏమీ తగల్లేదు. జానెడు మేర మేకులే లేవు. నూకరాజు అక్కడ పిడి ఆపి, కళ్లు మూసుకుని, తనే "ఆ..." అని రాగం తీశాడు. తరువాత మళ్లీ తిప్పితే ముగింపు స్వరాలు పలికాను. నాకు అప్పుడే ఒళ్లు మండింది. మేకులు కాజేసి, సంగతి బయటపడకుండా తను పాడి కప్పిపుచ్చుతున్నాడు, దొంగ వెధవ!

దొరబాబు వచ్చి తనే తిప్పాడు, ఆపకుండా. పద్యం చివర అంతా నిశ్శబ్దం.

"ఒరే నూకరాజూ, మేకులేటి సేసినావురా? మింగీసినావా?"

"మింగడమేటి బాబూ! పద్యం అవగానే రాగం తియ్యాల గదా. జనం ఈలలేత్తే ఇంకా లాగుతాడు. ఎంతసేపు లాగుతాడో పాడీవోడికే తెల్దు, నాకేటి తెలుత్తాది? అందుకే జాగా వగ్గీసినాను. పిడి ఆపి ఆయన్ని పాడనియ్యాల."

"ఆడే పాడితే మరి నాకీ పెట్టెందుకురా!"

దొరబాబు మాట నాకు సబబుగా తోచింది. నూకరాజు తల వంచుకుని వెళ్లిపోయాడు. కొన్నాళ్లకి ఆ కంపెనీ మూతపడింది. నేను గోదాముకీ, అక్కణ్ణుంచి పాతసామాన్లు పోగుచేసే ఒకాయన ఇంటికీ, చివరికి ఈ మ్యూజియానికీ చేరాను. అరవై రెండేళ్లు గడిచాయి. పిడి తిప్పిన ప్రతిసారీ ఆ ఖాళీ వస్తుంది, నేను నూకరాజును తిడతాను.

ఈ మ్యూజియం చూసుకునే ఆనందపాల్ మంచి పనివాడు. నన్ను శుభ్రం చేసి, 'కొన్ని మేకులు పోయినవి' అని చీటీ అంటించాడు. కొత్త మేకులు చేయించి, ఖాళీ జాగా పూరిస్తానన్నాడు. నా ఆనందం ఇంతా అంతా కాదు. మేకులు కొట్టే రోజున డబ్బా తెరిచి, సుత్తి చేత్తో పట్టుకునే వేళకు ఒక ముసలావిడ వచ్చింది. చీటీ చదివింది. మళ్లీ చదివింది. నా వెనక్కి వెళ్లి తొంగిచూసింది. మిగతా మేకులకు ఎసరు పెట్టేలా ఉందనుకున్నాను.

"బాబూ, ఆ సుత్తి పక్కనెట్టు. ఇది మా అయ్య సేసినాడు. ఆయన పేరు నూకరాజు. నా పేరు వరహాలమ్మ."

దొంగ కూతురా!

"మేకుల దొంగ అన్నారు బాబూ మా అయ్యని. సచ్చీదాకా అన్నారు. మా ఊళ్లో ఎవులూ ఆయనకి ఇత్తడి ముట్టుకోనిచ్చీవోరు కాదు. ఇప్పుడు నువ్వా జాగాలో మేకులు కొట్టేత్తే, నిజమే, తినీసినాడనే గదా అయిపోద్ది."

ఆనందపాల్ కూడా నా బాపతే, ఊరికే నమ్మలేదు. "మీ నాన్నగారు కావాలనే వదిలారని ఎలా తెలుస్తుందమ్మా?" అన్నాడు.

"తీసి సూడు. ఖాళీ మొదలయ్యీ కాడ ఎర్ర లక్క గీత వుంటాది, అక్కడ ఆపాల. అయిపోయీ కాడ పచ్చ గీత. నాను పక్కన కూకునుంటే, నా సేతే గీయించినాడు."

ఆనందపాల్ రోలర్ బయటికి తీశాడు. అరవై రెండేళ్ల మడ్డిని గుడ్డతో తుడిచాడు. తుడుస్తూ తుడుస్తూ ఆగిపోయాడు. ఎర్ర గీత. జానెడు అవతల, చిన్నపిల్ల చేతి వంకరతో, పచ్చ గీత.

నా ఒంటి మీద గీతలు నాకే తెలియవు! దొంగతనం చేసేవాడు ఎక్కడైనా రంగు గీతలు గీసి గుర్తు పెడతాడా?

రోలర్ బిగించి, ఆనందపాల్ పిడి తిప్పాడు. ఎర్ర గీత దగ్గర ఆపాడు. వరహాలమ్మ గొంతు సవరించుకుని రాగం అందుకుంది. మొదట వణికింది, ఒకచోట జారింది, అయినా వదల్లేదు, పైకి లాగి లాగి దింపింది. చేత్తో సైగ చేయగానే పిడి కదిలింది. పచ్చ గీత రాగానే, ఆవిడ దింపిన స్వరం మీదే నా గొట్టం పలికింది. నాకు అప్పుడు ఏడవాలనిపించింది.

ఆనందపాల్ మేకుల డబ్బా మూసేశాడు. చీటీ పీకేసి, "మీ నాన్నగారు మేకులు తియ్యలేదని రాయమంటారా అమ్మా?" అని అడిగాడు.

"వద్దు బాబూ. తియ్యలేదని రాత్తే, తీసినాడేటోనని సదివినోళ్లకి అనుమానం వత్తాది. నూకరాజు, ఏటికొప్పాక అని రాయి. సాలు."

అలాగే రాశాడు. ఇప్పుడు రోజుకు నాలుగుసార్లు నన్ను తిప్పి, ఎర్ర గీత దగ్గర ఆపుతారు. అరవై రెండేళ్లు నూకరాజును నోటికొచ్చినట్టు తిట్టిన సంగతి వరహాలమ్మకు తెలియదు. తెలిస్తే నాలుగు చీవాట్లు పెట్టి, ఆఖరికి పోనీలే అనేదేమో. పద్యం తప్ప మరో మాట రాని పెట్టెను, చెప్పుకునే దారి లేదు.