సంతకం పెట్టిన అధికారి పేరు

శాసనమండలిలో ప్రశ్న అడగడమంటే టీవీలో చూపించేట్టు లేచి నిలబడి గొంతు చించుకోవడమే అనుకుంటారు జనం. అది చివరి రెండు నిమిషాల ముచ్చట. అసలు ప్రశ్న పక్షం రోజుల ముందే కాగితం మీద పోవాలి. అది శాఖకు, శాఖ నుంచి జిల్లాకు, జిల్లా నుంచి మండలానికి దిగుతూ దిగుతూ ఏ మూలనో ఉన్న చిన్న ఉద్యోగి బల్ల మీద ఆగుతుంది. ఆయన రాసిన నాలుగు ముక్కలే మళ్ళీ సంతకం మీద సంతకంతో పైకెక్కి, మంత్రిగారి నోట "అధ్యక్షా" అంటూ బయటికొస్తాయి. మంత్రులకేం తెలుస్తుంది పాపం, ఇచ్చింది చదువుతారు.

ఈ సంగతి హేమావతికి తెలిసినంతగా ఆ సభలో ఇంకెవరికీ తెలియదు. ధర్మవరంలో పద్దెనిమిదేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పి, ఏ పార్టీ జెండా పట్టకుండా ఉపాధ్యాయుల ఓట్లతో గెలిచి సభకొచ్చిన మనిషి. టీచర్ల బదిలీల గురించి, బడుల్లో మరుగుదొడ్ల గురించి అడుగుతుందని అందరూ అనుకున్నారు. అడిగింది కూడా. కానీ ఆమె పోటీకి దిగింది అందుకు కాదు. ఒక మనిషి చేత ఒక మాట చెప్పించడానికి. ఆ మాట తన ముందు, నలుగురి ముందు, రికార్డయ్యేట్టు చెప్పించాలి. అంతే ఆమె కోరిక.

ఏడేళ్ళ కిందట గోరంట్ల దగ్గర రాళ్ళకుంటపల్లిలో ఆమె తమ్ముడు మారుతి, పొద్దున పూట చెనక్కాయ కుప్ప తిరగేస్తుంటే రక్తపింజరి కరిచింది. ఇరవై ఆరేళ్ళవాడు. తల్లీ తండ్రీ లేని ఈ ఇద్దర్నీ తిప్పమ్మ అవ్వే సాకింది. అవ్వే వాణ్ణి పక్కింటివాళ్ళ బండి మీద ఊరి ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయింది. పట్టుమని రెండు కిలోమీటర్లు లేదు. సకాలంలోనే చేరారు. ఫార్మసిస్టు యోహాను ఫ్రిజ్ తెరిచి, మందు సీసాలు వెలుతురుకు ఎత్తి చూసి, అట్లాగే నిలబడిపోయాడు. ఊరి ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయి పదకొండు రోజులైంది. సీసాల్లో మందు పాలు విరిగినట్టు విరిగిపోయింది. ఐస్ పెట్టె పంపండి, లేదంటే మందు ఇంకో చోటికి మార్చండి అని అతడు జిల్లా ఆఫీసుకు రెండుసార్లు రాశాడు. జవాబు రాలేదు. అంబులెన్సు ముదిగుబ్బ వైపు ఇంకో కేసు మీద పోయి ఉంది. అది తిరిగొచ్చేలోపల మారుతి ఆరోగ్య కేంద్రం వసారాలో, సిమెంటు బెంచీ మీద, అవ్వ ఒడిలో పోయాడు.

హేమావతి ఎవరెవరి కాళ్ళో పట్టుకుని, వేరే జిల్లా సభ్యుడొకాయన చేత అప్పట్లో సభలో ప్రశ్న వేయించింది. జవాబు అచ్చయి వచ్చింది. ఆ కేంద్రంలో పాముకాటు మందు ఉందా? అవునండి. మందు లేక ఎవరైనా చనిపోయారా? లేదండి. అయితే తీసుకున్న చర్యలు? ప్రశ్న ఉత్పన్నం కాదు.

ఆ కాగితం చదివి వినిపిస్తే అవ్వ అర్థం కాక అడిగింది.

"ఉత్పన్నం కాదంటే ఏంమ్మే?"

"మనోడు సచ్చిపోనే లేదంటవ్వా. కాబట్టి అడిగేదానికి ఏమీ లేదంట."

అవ్వ లేచింది. నోట్లో ఉన్న ఆకువక్క వాకిట్లోకి పోయి ఉమ్మేసి వచ్చింది. "రాసినోడు ఎవురో కనుక్కో. వాని నోటితో చెప్పించినాంక మళ్ళా నముల్తా," అంది. ఆకువక్క లేనిదే పొద్దు గడవని ముసలిది, ఆనాటి నుంచి తమలపాకు ముట్టలేదు. పాము పగ పన్నెండేళ్ళంటారు. ఆ రక్తపింజరికి మారుతి మీద ఏ పగా లేదు, కాళ్ళ కింద పడితే కరిచింది. పగ ఈ ఆడవాళ్ళిద్దరిదీ.

రాసినవాడెవరో కనుక్కోవడానికి ఏడాది పట్టింది. సమాచార హక్కు కింద దరఖాస్తు మీద దరఖాస్తు పెడితే ఒక నకలు చేతికొచ్చింది. "మరణాలు: లేవు" అన్న మాట కింద సంతకం అప్పటి జిల్లా వైద్యాధికారిది, డాక్టర్ చిదంబరయ్యది. ఆయన ఆ తర్వాత ఉద్యోగం వదిలి, కండువా వేసుకుని, ఎన్నికల్లో గెలిచాడు. హేమావతి మండలిలో అడుగుపెట్టే నాటికి ఆయన ఆరోగ్య శాఖ మంత్రి. దేవుడు ఉన్నాడో లేడో గానీ, ఉంటే ఆయనకు హాస్యం బాగా తెలుసు.

నేరుగా అడిగితే ఏమవుతుందో హేమావతికి తెలుసు. పాత జవాబునే దుమ్ము దులిపి చదువుతారు. అందుకని రెండేళ్ళు ఓపిక పట్టి, మొన్నటి సమావేశాలకు మూడు ప్రశ్నలు, ముగ్గురు మంత్రులకు రాసి ఇచ్చింది. మూడూ గొర్రెపిల్లల్లాంటి ప్రశ్నలు. విద్యుత్ మంత్రికి: గోరంట్ల మండలంలో ఫలానా ఏడాది కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్లు ఎన్ని, ఎన్ని రోజుల్లో మార్చారు? పంచాయతీరాజ్ మంత్రికి: అదే ఏడాది అదే మండలంలో పాముకాటు మరణాల నమోదు సక్రమంగా జరిగిందా, జరిగితే పేర్లు, చోట్లు? మూడోది, ఆ తర్వాతి వారం బుధవారానికి, ఆరోగ్య మంత్రికి: రాళ్ళకుంటపల్లి కేంద్రంలో అప్పుడు పాముకాటు మందు ఏ స్థితిలో ఉంది, ఎవరైనా చనిపోయారా, అయితే పేరు?

మన శాఖల సంగతి తెలిసిందే కదా. ఒకదాని ముఖం ఇంకొకటి చూడదు, ఎవరి డప్పు వాళ్ళు కొట్టుకుంటారు. సోమవారం విద్యుత్ మంత్రి లేచి, పల్లెల్లో పదిహేను రోజుల గడువుంటే తమవాళ్ళు రాళ్ళకుంటపల్లిలో పదకొండు రోజుల్లోనే ట్రాన్స్‌ఫార్మర్ మార్చారని, తేదీలతో సహా గర్వంగా చదివాడు. వెనక బల్లలు చరిచారు. అందరికన్నా గట్టిగా హేమావతే చరిచింది. మంగళవారం పంచాయతీరాజ్ మంత్రి, తమ శాఖ ఒక్క మరణాన్ని కూడా వదల్లేదని చెప్పి జాబితా సభ ముందుంచాడు. నాలుగో వరుసలో ఉంది: మారుతి, పాముకాటు, ఆరోగ్య కేంద్రం వసారా. తేదీ చూస్తే, కరెంటు లేని పదకొండో రోజు.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడట. ఆ సాయంత్రమే చిదంబరయ్య మనిషి నాగేంద్ర ఫోన్ చేశాడు. ఆదివారం మంత్రిగారు హిందూపురం వస్తున్నారు, అతిథి గృహంలో ఒకసారి కలవాలంటున్నారు, అని.

హేమావతి వెళ్ళింది. మంత్రి అందర్నీ బయటికి పంపి, తనే కుర్చీ జరిపి కూర్చోబెట్టాడు. కళ్ళజోడు తీసి పంచె అంచుతో తుడుస్తూ మొదలుపెట్టాడు.

"మీ తమ్ముని సంగతి నేను మర్చిపోయింది లేదమ్మా. అప్పుడు పైనుంచి వత్తిడి ఉండె. సావు అని రాస్తే నా మీదికి వస్తాదని భయపడితి. నేనూ ఉద్యోగస్తుణ్ణే గదా."

కాఫీ కప్పు ఆమె ముందుకు జరిపాడు.

"బుధవారం మీ ప్రశ్నకు ఉన్నదున్నట్టు చెప్తా. మందు చెడిపోయిందని, మీ తమ్ముడు పోయినాడని సభలో ఒప్పుకుంటా. జిల్లాలో ఉండే పీహెచ్‌సీలన్నిటికీ సోలార్ ఫ్రిజ్‌లు ఇస్తామని మాటిస్తా. ఒగటే అడుగుతాండా. అప్పుడు సంతకం పెట్టిందెవరని మాత్రం అడగొద్దు." కళ్ళజోడు పెట్టుకుని ఆమె ముఖంలోకి చూశాడు. "ఫార్మసిస్టుది తప్పు అని రాయిచ్చినా రాయిచ్చొచ్చు నేను. రాయిచ్చలేదు గదా."

న్యాయంగా చూస్తే మంచి బేరమే. తమ్ముడు చనిపోయాడని ఒప్పుకుంటారు, ఫ్రిజ్‌లు వస్తాయి, ఇంకో మారుతి బతుకుతాడు. బడిలో ఏ పిల్లనైనా అడిగితే సరే అనమనే చెబుతుంది. హేమావతికి మాత్రం ఆ క్షణంలో ఫ్రిజ్‌లేవీ కనబడలేదు. ఎదురుగా, ఇందాక కళ్ళజోడు తుడిచిన ఆ చేయి కనబడింది. "లేవు" అని రాసింది ఆ చేయే. తనకు కావలసింది ఒక్క పేరేనని, దానికోసం మంచిని కూడా తన్నేసేట్టున్నానని ఆమెకు తెలిసింది. సిగ్గు కూడా వేసింది. అయినా కోరిక తగ్గలేదు.

కాఫీ తాగి లేచింది. "మీరు చెప్పాల్సింది మీరు చెప్పండి సార్," అంది.

ఆయన దాన్ని ఒప్పందం అనుకున్నాడు. ఆమె కాదని చెప్పలేదు.

ఇప్పుడు అవ్వతో ఉంటున్న పెనుకొండ ఇంటికొచ్చేసరికి యోహాను కూర్చుని ఉన్నాడు, అవ్వ పక్కన. మంత్రి పిలిచాడని కబురు తెలిసి పల్లె నుంచి బస్సెక్కి వచ్చాడు. జరిగిందంతా చెప్పింది హేమావతి.

"నా గురించి వెనకాడొద్దు టీచరమ్మా," అన్నాడు యోహాను. "నేను రాసిన రెండు లెటర్లకూ వాళ్ళ ఆఫీసు ముద్ర ఏసిన రసీదులుండాయి. ఏడేండ్లు బైబిల్లో పెట్టి దాచినా. ఆ పొద్దు సీసా ఎత్తి చూసిన చేతులు ఇవి. నాకూ నిద్ర పట్టాల గదా."

తిప్పమ్మ అవ్వ అంతా విని ఒక్క మాటే అడిగింది.

"సచ్చినోని పేరు చెప్తానన్నాడు. రాసినోని పేరు చెప్పనన్నాడా?"

"ఊ."

"మరి నీకేం తెలీదా ఏమి అడగాల్నో," అని గొంగడి కప్పుకుని అటు తిరిగి పడుకుంది.

బుధవారం ప్రశ్నోత్తరాల సమయంలో ఆమెది అయిదో ప్రశ్న. బల్ల మీద అచ్చు జవాబు ముందే పెట్టి ఉంది. ఎ) మందు వాడదగిన స్థితిలో లేదు. బి) అవును, ఒకరు మరణించారు. సి) శ్రీ మారుతి, 26 సంవత్సరాలు, రాళ్ళకుంటపల్లి. మంత్రి మాట నిలబెట్టుకున్నాడు. నిలబెట్టుకోక చేసేదీ లేదు. ఇద్దరు మంత్రుల తేదీలు సభ ముందున్నాక, ఇప్పటి జిల్లా అధికారి కాదని రాసి తన మెడ తాను కోసుకుంటాడా? ఒకప్పుడు చిదంబరయ్య తన మెడ కాపాడుకున్నట్టే ఆయనా కాపాడుకున్నాడు.

చిదంబరయ్య జవాబు చదివాడు. తమ్ముడి పేరు సభలో మైకులోంచి వినబడినప్పుడు హేమావతి అచ్చు కాగితంలో ఆ పేరు మీద వేలు పెట్టింది. ఏడేళ్ళ తర్వాత మారుతి చనిపోయాడు. ఇప్పుడు అధికారికంగా చనిపోయాడు. ఆమె ముందున్న గ్లాసు ఎత్తి నీళ్ళు తాగింది. ఈలోపు కడప వైపు సభ్యుడొకాయన లేచి, మరి ఫ్రిజ్‌ల సంగతేమిటని అడిగాడు. మంత్రి ఎంతో తేలికపడి, మూడు నెలల్లో అన్ని కేంద్రాలకూ సోలార్ ఫ్రిజ్‌లు ఇస్తామని హామీ ఇచ్చేశాడు. సభలో ఇచ్చిన హామీ రికార్డులో పడుతుంది, దాన్ని వెనక్కి తీసుకోవడం కుదరదు. హేమావతి అంతవరకూ ఆగింది. ఆ తర్వాత అనుబంధ ప్రశ్నకు చేయెత్తింది.

"అధ్యక్షా, ఏడేళ్ళ కిందట ఇదే ప్రశ్నకు 'మరణాలు లేవు' అని జవాబు వచ్చింది. ఆ జవాబు మీద సంతకం పెట్టిన జిల్లా అధికారి పేరు మంత్రిగారు చెప్పగలరా?"

మంత్రి ఆమె వైపు చూశాడు. ఒప్పుకున్నావు కదా అన్నట్టుంది ఆ చూపు. ఆమె రెప్ప వాల్చలేదు.

"ఆ వివరాలు తెప్పించుకుని సభ్యురాలికి పంపిస్తాను అధ్యక్షా."

"తెప్పించక్కర్లేదు అధ్యక్షా. నకలు నా దగ్గరే ఉంది. ఫార్మసిస్టు యోహాను రాసిన ఉత్తరాల రసీదులు కూడా ఉన్నాయి. మంత్రిగారికి చూపిస్తే చాలు. ఆ సంతకాన్ని ఆయన నాకన్నా బాగా గుర్తుపడతారు."

సభ ఉద్యోగి వచ్చి కాగితం తీసుకుపోయి మంత్రి ముందు పెట్టాడు. చిదంబరయ్య దాన్ని చూశాడు. కళ్ళజోడు తీశాడు, తుడవకుండానే మళ్ళీ పెట్టుకున్నాడు. పక్కనున్న విద్యుత్ మంత్రి మెడ చాచి ఆ కాగితంలోకి తొంగిచూసి, మెల్లగా దూరంగా జరిగి కూర్చున్నాడు. పెద్దాయన, మండలి అధ్యక్షుడు, మంత్రి వైపు తిరిగి అన్నాడు.

"మంత్రిగారూ, ప్రశ్న సూటిగానే ఉంది. సమాధానం చెప్పండి."

"డాక్టర్ ఎస్. చిదంబరయ్య," అన్నాడు మంత్రి. కాగితంలోకి చూస్తూ అన్నాడు, ఇంకెవరి పేరో చదువుతున్నట్టు.

హేమావతి ఇంకా నిలబడే ఉంది.

"వినపడలేదు అధ్యక్షా."

విననివాళ్ళు ఆ సభలో ఎవరూ లేరు. అధ్యక్షుడికి కూడా ఆ సంగతి తెలుసు. అయినా ఆయన ఏమనుకున్నాడో, "మైకు దగ్గరికి జరిగి చెప్పండి," అన్నాడు.

మంత్రి లేచి నిలబడి, మైకు పట్టుకుని, తన పేరు తాను రెండోసారి చెప్పాడు.

మధ్యాహ్నం లాబీలో ఉండగా ఇంటి నుంచి ఫోన్ వచ్చింది. అవ్వ మాట ముద్దగా వస్తోంది, నోటి నిండా ఆకువక్క.

"టీవీలో చూస్తివా అవ్వా?"

"చూస్తిని. యోహాను పక్కనే ఉండి చూపిచ్చినాడు. మొదటి తూరి ఆయప్ప సరిగ్గా చెప్పలేదు. రెండో తూరి బాగా వినపడింది." అవ్వ నమిలి, ఉమ్మి, మళ్ళీ అంది. "ఇంగొగ తూరి గూడా చెప్పిచ్చింటే బాగుండు."